ఆకు చాటు ప్రాణి: కోసిన ఆకుకూరల్లో చిన్న జంతువులను కనిపెట్టడం ఎలా

సభకు నమస్కారం. నా వెనక తెరమీద ఉన్న ఫొటోను మీరు లోపలికి వచ్చినప్పటి నుంచి చూస్తూనే ఉన్నారు. బెల్టు మీద పరుచుకున్న లేత పాలకూర ఆకులవి. వాటి మధ్య ఒక చెట్టుకప్ప ఉంది. చూసినవారు దయచేసి చేయి ఎత్తండి. నాలుగు చేతులు లేచాయి. వాటిలో రెండు, కప్ప ఉందని నేను చెప్పాక లేచినవి. కింది వరసలో కుడివైపు, కాడ విరిగిన ఆకు పక్కన, మడతపడిన ఆకు అంచులా కనిపిస్తున్నది దాని వెనక కాలు. ఇక్కడ బొమ్మ కదలడం లేదు, మీకు తొందర లేదు, చూడవలసింది ఒక్క ఫొటోయే. ప్యాకింగ్ కేంద్రంలో అదే దృశ్యం కంటి ముందు నుంచి సెకనుకు రెండు మూడు మీటర్ల వేగంతో పోతుంది, అలా గంటల తరబడి పోతూనే ఉంటుంది. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ కప్పను, దానితోపాటు బల్లులు, ఎలుక పిల్లలు, నత్తలు, పురుగుల వంటివాటిని కోత తరువాత ఎలా కనిపెడతారు, ఎందుకు కనిపెట్టలేకపోతారు అన్న విషయం.

ముందు అవి ఆకుల్లోకి ఎలా వస్తాయో చూడాలి. కొడవలితో కోసేవారి చేతికి ఒక రకంగా కళ్లుంటాయి. పిడికెడు ఆకు పట్టుకోగానే అందులో మెత్తగా, చల్లగా ఏదైనా తగిలితే చేయి దానంతట అదే వెనక్కి వస్తుంది. కప్ప కూడా ఆ అలికిడికి ఎగిరిపోతుంది. లేత ఆకుల కోతలో ఇప్పుడు పెద్ద పొలాల్లో వాడే యంత్రానికి ఆ స్పర్శ లేదు. మడి వెడల్పంతా ఆక్రమించిన ఒక రంపపు పట్టీ నేలకు కొద్ది సెంటీమీటర్ల ఎత్తున అడ్డంగా పరుగెడుతూ ఆకును కోస్తుంది, కోసినదంతా వెనుకనున్న బెల్టు మీద పడి పైకి వెళ్లి డబ్బాల్లో నిండుతుంది. ఆ ఎత్తులో, ఆ క్షణాన మడిలో ఏది ఉంటే అది కూడా బెల్టెక్కుతుంది. పైగా లేత ఆకుల మడులను ఒత్తుగా విత్తుతారు కనుక నేల కనిపించదు. తడి, నీడ, చిన్న పురుగుల తిండి మూడూ ఒకే చోట దొరికే ఆ మడి కప్పకు అన్ని విధాలా అనువైన ఇల్లు.

దీనికి తోడు సమయం ఒకటి. ఎండెక్కాక కోస్తే ఆకు వాడిపోతుంది, దానిలోని వేడిని దించడానికి శీతలీకరణ ఖర్చు పెరుగుతుంది. అందుకే రాత్రివేళ గాని తెల్లవారుజామున గాని కోస్తారు. ఆకు బిగువుగా, చల్లగా ఉండే ఆ గంటలే కప్పలూ నత్తలూ తేమలో తిరిగే గంటలు. ఆకు నాణ్యత కోసం మనం ఎంచుకున్న వేళ, ప్రాణి ఆకు మీద ఉండే వేళ ఒకటే కావడం ఈ సమస్యకు మూలాల్లో ఒకటి. దీన్ని తప్పించే మార్గం కూడా పెద్దగా లేదు, ఎందుకంటే మధ్యాహ్నం కోసిన ఆకు ఎవరూ తినరు.

ఇది ఎంత తరచుగా జరుగుతుంది? ఇల్లినాయి విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం 2019లో ప్రచురించిన ఒక సమీక్ష ఉంది. అమెరికాలో ప్యాకెట్లలో అమ్మిన కూరగాయల్లో వెన్నెముక ఉన్న అడవి ప్రాణులు దొరికినట్టు వార్తలకెక్కిన ఘటనలను వారు ఏరి చూస్తే 2003 నుంచి 2018 వరకు 40 తేలాయి. వాటిలో సగానికి పైగా కప్పలు, గోదురుకప్పల వంటి ఉభయచరాలు. తరువాతి స్థానాలు సరీసృపాలవి, చిన్న క్షీరదాలవి, పక్షులవి. కొన్ని ప్రాణంతో దొరికాయి, వాటిలోనూ ఎక్కువ కప్పలే. రసాయన ఎరువులు, రసాయన మందులు వాడని సేంద్రియ సాగులోనే ఇలాంటివి వస్తాయని చాలామంది అనుకుంటారు గాని, ఆ లెక్కలో సాధారణ సాగు నుంచి వచ్చినవే ఎక్కువ. అయితే ఈ 40 అన్నది వార్తల లెక్క. చూసీ చూడనట్టు పారవేసినవి, అమ్మినవారికి మాత్రమే చెప్పి ఊరుకున్నవి ఇందులో లేవు. కనుక ఈ అంకెను ఏ ప్రాణులు ఎక్కువగా దొరుకుతాయో తెలుసుకోవడానికి వాడుకోవాలి తప్ప, ఎన్ని దొరుకుతాయో తేల్చడానికి కాదు.

ప్రాణి ఉండటం అసహ్యం మాత్రమేనా, ప్రమాదం కూడానా అని అడిగితే, అది ఏ ప్రాణి అన్నదాన్ని బట్టి ఉంటుంది. పేనుబంక, తామరపురుగు, నల్లి లాంటివి ఆకుకు పుట్టుకతోనే చుట్టాలు. వాటిని పూర్తిగా తీసేయడం అసాధ్యమని చట్టాలే ఒప్పుకుంటాయి: అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ డబ్బాల్లోని, ఘనీభవింపజేసిన పాలకూరకు పెట్టుకున్న హద్దు 100 గ్రాములకు సగటున 50 పేనుబంకలు, తామరపురుగులు, నల్లులు, అంతకు చేరితేనే చర్య. తినేవారికి వాటివల్ల వచ్చే హాని దాదాపు ఏమీ లేదు. బల్లులు, కప్పలు, తాబేళ్ల సంగతి వేరు. వాటి పేగుల్లో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండటం మామూలే, వాటికి దాని వల్ల జబ్బు చేయదు కూడా. పచ్చిగా తినే ఆకు మీద అది చేరితే మనకు చేస్తుంది.

నత్తలను, ముఖ్యంగా చిప్పలేని నత్తలను, నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకుంటాను. ఎలుకల ఊపిరితిత్తుల నాళాల్లో ఉండే ఒక పురుగు, ఆంజియోస్ట్రాంగిలస్ కాంటోనెన్సిస్, తన జీవితచక్రంలో ఒక దశను నత్తలో గడుపుతుంది. చైనాలోని కాంటన్‌లో ఎలుకల్లో దీన్ని 1935లో వర్ణించారు, మనిషిలో తొలి కేసు 1945లో తైవాన్ నుంచి నమోదైంది. ఆ దశలో ఉన్న నత్త పొరపాటున నోట్లోకి వెళితే దానిలోని పురుగు పిల్లలు, అంటే లార్వాలు, మెదడు పొరలకు చేరి వాపు తెస్తాయి, దాన్ని ఇసినోఫిలిక్ మెనింజైటిస్ అంటారు. పెద్ద నత్త అయితే అందరికీ కనిపిస్తుంది. ప్రమాదం బియ్యపు గింజంత ఉన్న పిల్ల నత్తతో, ఆకు మడతలో పారదర్శకంగా అతుక్కుని ఉన్నదానితో. కప్ప దొరికితే పత్రికలకెక్కుతుంది, పిల్ల నత్త ఎవరికీ తెలియకుండా తినే పళ్లెంలోకి వెళ్లిపోతుంది. వార్తల లెక్కను నమ్మి యంత్రాన్ని ఎంచుకోకూడదని నేను అనడానికి ఇది ఒక కారణం.

ఇక కనిపెట్టడం దగ్గరికి వద్దాం. ఏ పరికరమైనా చివరికి అడిగేది ఒకే ప్రశ్న: ఆకుకూ ప్రాణికీ తేడా ఏమిటి? మన దురదృష్టం ఏమిటంటే, ఆకుల్లో బతికే ప్రాణిని ప్రకృతి లక్షల ఏళ్లుగా ఆ తేడాలు చెరిపేసే దిశగానే దిద్దింది. పక్షి కంటికి, పాము కంటికి చిక్కకుండా తయారైన శరీరం మన కెమెరాకు వెంటనే చిక్కుతుందని ఆశించడం అత్యాశ.

మొదటి తేడా రంగు. మామూలు రంగుల కెమెరా మట్టిబెడ్డను, పసుపు పారిన ఆకును, గోధుమ రంగు ఎలుకను బాగానే పడుతుంది. ఆకుపచ్చ కప్ప దగ్గర తడబడుతుంది. ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పాలి: చాలా కప్పల చర్మంలో ఆకుపచ్చ వర్ణకమే ఉండదు. లోపలి పొరలోని సన్నని పలకలు నీలి కాంతిని వెదజల్లుతాయి, పైపొరలో పసుపు వర్ణకం ఉంటుంది; ఆ రెండూ కలిసి మన కంటికి ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఆకు ఆకుపచ్చగా ఉండటానికి కారణం పత్రహరితం. చూపుకు ఒకటే అయినా పుట్టుక వేరు. ఈ పుట్టుకలోని తేడానే తరువాతి పరికరానికి ఆధారం.

పత్రహరితానికి ఒక అలవాటు ఉంది. దాని మీద ఎర్రని లేజర్ కాంతి వేస్తే అది అందులో కొంత మింగి, కొంచెం ఎక్కువ తరంగదైర్ఘ్యంలో, సుమారు 685, 740 నానోమీటర్ల దగ్గర, మళ్లీ వెలిగి చూపుతుంది. దీన్నే ప్రతిదీప్తి అంటారు. బతికున్న ఆకు వెలుగుతుంది. కప్ప, నత్త, కర్ర, ప్లాస్టిక్, రాయి వెలగవు. అంటే ఇక్కడ యంత్రం కప్పను వెతకడం లేదు, ఆకు కానిదాన్ని వెతుకుతోంది. నా దృష్టిలో ఈ రంగంలో వచ్చిన మంచి ఆలోచనల్లో ఇది మొదటిది, ఎందుకంటే ప్రాణులు వంద రకాలు ఉండవచ్చు గాని ఆకు ఒక్కటే. కొన్ని కప్పలు కూడా ప్రతిదీప్తి చూపుతాయని మీలో కొందరు చదివి ఉంటారు. దక్షిణ అమెరికా చుక్కల చెట్టుకప్పలో దాన్ని 2017లో గుర్తించారు, అది నిజమే. కాని ఆ వెలుగు అతినీలలోహిత కాంతి పడినప్పుడు నీలి-ఆకుపచ్చ ప్రాంతంలో వచ్చేది. ఎర్ర లేజర్‌కు ఎరుపు అవతల వచ్చే పత్రహరితపు వెలుగుతో దానికి పోలిక లేదు.

సమీప పరారుణ కాంతిలో చూడటం ఇంకో పద్ధతి. 700 నానోమీటర్లు దాటగానే ఆకు ఒక్కసారిగా తెల్లగా మెరుస్తుంది, ఎందుకంటే ఆ కాంతిని అది మింగకుండా దాదాపు సగం వెనక్కి కొడుతుంది. ఆకుపచ్చగా కనిపించే చాలా ప్రాణులు ఆ కాంతిలో నల్లబడతాయి. అయితే ఆకుల మీద నిద్రపోయే కొన్ని ఉష్ణమండల కప్పలు పరారుణంలో కూడా ఆకులాగే మెరుస్తాయని 1977లోనే బయటపడింది. ఆ కాంతిలో చూసే శత్రువుల నుంచి దాక్కోవడానికే అలా తయారయ్యాయా అన్నది వేరే చర్చ. మన పనికి సంబంధించినంత వరకు అర్థమయ్యేది, ఒకే ఒక తేడా మీద ఆధారపడిన యంత్రానికి ఎక్కడో ఒక మినహాయింపు కాచుకుని ఉంటుందని. ఇంకా దీర్ఘ తరంగాల్లో, 970, 1200, 1450 నానోమీటర్ల దగ్గర, నీటి ఆనవాళ్లు కనిపిస్తాయి గాని, పాలకూర ఆకులో పదింట తొమ్మిది వంతులు నీరే, కప్ప ఒంట్లోనూ ఎక్కువ భాగం నీరే. అందుకే నీటిని వెతికే పద్ధతి ఎండుగింజల్లో పనిచేసినంత బాగా ఇక్కడ పనిచేయదు.

వేడిని చూసే కెమెరాల గురించి ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడుగుతారు కనుక ముందే చెబుతాను. బతికున్న ఎలుక, పక్షి పిల్ల ఆ కెమెరాలో దీపంలా కనిపిస్తాయి. కప్ప, బల్లి శీతరక్త ప్రాణులు; అవి ఆకు ఎంత చల్లగా ఉంటే అంత చల్లగా ఉంటాయి. కోసిన ఆకును నిర్వాత గదిలో పెట్టి, వాతావరణ పీడనంలో సుమారు 170వ వంతు దాకా పీడనం దించి, అరగంటలో ఒకటి రెండు డిగ్రీలకు చల్లబరుస్తారు. ఆ తరువాత చచ్చిన ఎలుక కూడా ఆకు ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. పైగా ఆ చలిలో కప్ప మొద్దుబారిపోయి కదలదు, అయినా చావదు. ప్యాకెట్టు తెరిచి కాసేపు బయట పెడితే కళ్లు తెరిచి కూర్చుంటుంది. వారాల తరువాత ప్రాణంతో దొరికిందని ఆశ్చర్యపోతారు గాని, మనం దాన్ని శీతాకాలపు నిద్రలో పెట్టి పంపాం, అంతే.

ఎక్స్-కిరణాల విషయంలో నిజాయితీగా మాట్లాడాలి. ఇవి చూసేది సాంద్రతను, మందాన్ని. పలచగా పరిచిన ఆకుల మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. దాని మధ్య సెంటీమీటరు మందాన ఉన్న కప్ప ఒళ్లు తప్పకుండా నీడ వేస్తుంది, నత్త చిప్ప అయితే ఇంకా స్పష్టంగా. అదే ప్యాకెట్టులో కుక్కిన తరువాత ఆకులు ఒకదాని మీద ఒకటి మడతలుపడి సెంటీమీటర్ల మందం అవుతాయి, ఆ మచ్చల మధ్య కప్ప మచ్చ కలిసిపోతుంది. ఎక్స్-కిరణాల యంత్రాన్ని మూట కట్టాక పెట్టి, అన్నీ చూస్తున్నామని అనుకునే చోట్లు నేను చూశాను. లోహపు ముక్కకు, గాజు పెంకుకు అది సరిపోతుంది, మెత్తని ప్రాణికి సరిపోదు.

ఇన్ని మాటల్లో చివరికి తేలేది ఒకటి: ఏ కిరణం వాడినా, ప్రాణి కిరణానికి కనబడాలి. ఆకు కింద ఉన్న కప్పను ఏ లేజరూ చూడలేదు. అందుకే ఈ పనిలో సగం కష్టం వెలుతురుది కాదు, పరచడంది. డబ్బాలోంచి దించిన ఆకుల కుప్పను అదిరే పళ్లేల మీద ఆడిస్తూ, ఒక బెల్టు మీద నుంచి దానికంటే వేగంగా పరుగెత్తే ఇంకో బెల్టు మీదకు, అక్కడి నుంచి మరింత వేగంగా పోయేదాని మీదకు వేస్తూ, కుప్ప ఒకే పొరగా విడిపోయే దాకా సాగదీస్తారు. చివరి బెల్టు కొసన ఆకులు గాలిలోకి ఎగిరినప్పుడు పైనుంచీ కిందనుంచీ రెండు వైపులా కెమెరాలు చూస్తాయి. ఆకు తడిగా ఉంటే ఒకదానికొకటి అంటుకుంటాయి; చెట్టుకప్ప కాలివేళ్ల చివర్లు తడి ఆకును అంటిపెట్టుకోవడానికే తయారైనవి. అది వేలాడుతున్న ఆకుతో సహా ఎగురుతుంది.

యంత్రం దేన్నైనా అనుమానించిన క్షణం నుంచి దాన్ని గాలితో పక్కకు ఊదేయడానికి ఎంత వ్యవధి ఉంటుందో లెక్కవేసి చూడండి. బెల్టు వేగం సెకనుకు 3 మీటర్లు, కెమెరాకూ గాలి గొట్టాలకూ మధ్య దూరం 30 సెంటీమీటర్లు అనుకుంటే పదోవంతు సెకను. 3 సెంటీమీటర్ల కప్ప గాలి గొట్టం ముందు ఉండేది సెకనులో నూరోవంతు. ఆ లోపల కవాటం తెరుచుకుని మూసుకోవాలి. అరగ్రాము ఆకును ఎగరగొట్టే గాలి, రెండు మూడు గ్రాముల కప్పను కొద్దిగా మాత్రమే పక్కకు నెడుతుంది; అది మళ్లీ మంచి ఆకుల్లోనే పడవచ్చు. కనుక గాలి బలం ప్రాణి బరువుకు తగ్గట్టు ఉండాలి, అప్పుడు దానితోపాటు చుట్టూ ఉన్న మంచి ఆకు పిడికెడు పోతుంది. ఈ బరువు తేడానే సూటిగా వాడుకునే పద్ధతీ ఉంది: కింది నుంచి గాలి ఊదితే ఆకు పైకి తేలుతుంది, బరువైనది కిందికి జారుతుంది. ఇది సాదా ఏర్పాటు, దానికి కంప్యూటరు అక్కర్లేదు, రంగు చూడదు, మోసపోదు. కొత్త పరికరాల మోజులో దీన్ని పక్కన పెట్టేవారిని చూస్తే నాకు కొంచెం బాధగా ఉంటుంది.

తప్పు అనుమానాల సంగతి ఇంకా చెప్పలేదు. గంటకు 2 టన్నులు, ఆకు అరగ్రాము చొప్పున, అంటే గంటకు 40 లక్షల ఆకులు. వెయ్యి ఆకుల్లో ఒకదాన్ని మాత్రమే పొరపాటుగా పట్టే యంత్రం చాలా మంచిదనిపిస్తుంది. అది గంటకు 4,000 మంచి ఆకులను పక్కకు తోస్తుంది. నిజమైన ప్రాణి ఆ గంటలో ఒకటి ఉండవచ్చు, రోజంతా ఒక్కటీ ఉండకపోవచ్చు. తోసిన పెట్టెను ఒక మనిషి చూస్తూ కూర్చోవాలి. ఆ మనిషి కంటికి ఏమవుతుందో మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో చెప్పింది. గడియారంలా తిరిగే ఒక సూది ఎప్పుడో ఒకసారి రెండింతలు దూకడాన్ని గమనించమని నార్మన్ మాక్‌వర్త్ 1948లో కొందరిని కూర్చోబెడితే, మొదటి అరగంటలోనే వారి గమనిక తగ్గిపోయింది. జెరెమీ వుల్ఫ్ బృందం 2005లో చూపినది ఇంకా సూటిగా మనకు వర్తిస్తుంది: వెతికే వస్తువు సగం బొమ్మల్లో ఉన్నప్పుడు జనం నూటికి 7 సార్లు తప్పిపోయారు, నూటికి ఒక బొమ్మలోనే ఉన్నప్పుడు అదే వస్తువును నూటికి 30 సార్లు చూడలేకపోయారు. వస్తువు మారలేదు, కళ్లు మారలేదు, దొరకదన్న నమ్మకం ఒక్కటే పెరిగింది. ఇందాక మీరు కప్పను వెతికినప్పుడు అది ఉందని నేను మాట ఇచ్చాను. బెల్టు పక్కన నిలబడిన మనిషికి ఆ మాట ఇచ్చేవారు లేరు. అందుకే ఆ స్థానంలో మనుషులను అరగంటకొకసారి మార్చడం దయతో చేసే ఏర్పాటు కాదు, పరికరంలో ఒక భాగం.

కొన్ని ప్యాకెట్లు తీసి చూస్తే సరిపోదా అనే ప్రశ్నకు సమాధానం లెక్కలోనే ఉంది. సగటున ప్రతి 10,000 ప్యాకెట్లకు ఒకదానిలో ప్రాణి ఉంటుందనుకోండి. మీరు 300 ప్యాకెట్లు విప్పి ఆకు ఆకూ తిరగేసినా అది ఉన్న ప్యాకెట్టు మీ చేతికి చిక్కే అవకాశం నూటికి 3. నూటికి 95 పాళ్లు నమ్మకం కావాలంటే 30,000 విప్పాలి. అన్ని విప్పాక అమ్మడానికి ఏమీ మిగలదు. సూక్ష్మజీవుల పరీక్షలో నమూనాల పద్ధతికి ఉన్న గౌరవాన్ని ఇక్కడికి తేకూడదు. ఈ సమస్యకు ప్రతి ఆకునూ చూడటమే దారి, లేదా ప్రాణి ఆకుల్లోకి రాకుండా చూడటం.

యంత్రం పనిచేస్తోందో లేదో పరీక్షించే పద్ధతి గురించి ఒక అనుభవం చెబుతాను. నన్ను పిలిచిన ఒక కేంద్రంలో ప్రతి షిఫ్టు మొదట ఆకుపచ్చ రబ్బరు కప్పలు కొన్ని బెల్టు మీద వేసి యంత్రాన్ని పరీక్షించేవారు. నెలల తరబడి అన్నీ దొరికాయి, పుస్తకంలో అన్ని గడుల్లోనూ టిక్కులే. అయినా ఫిర్యాదులు ఆగలేదు. వెళ్లి చూస్తే, పరీక్ష చేసే వ్యక్తి రబ్బరు కప్పను ఆకుల పైన, నడిమధ్యన, శ్రద్ధగా పెడుతున్నారు. రబ్బరు ఎర్ర కాంతిలో వెలగదు, పైన ఉంది, పొడిగా ఉంది; దాన్ని పట్టలేని యంత్రం ఉంటుందా? అదే బొమ్మను నీటిలో ముంచి, కుప్ప మొదట్లో ఆకుల అడుగున పడేసి చూశాం. సగానికి సగం అవతలికి వెళ్లిపోయాయి. లేజర్‌లో లోపమేమీ లేదు, మొదటి బెల్టు మీద ఆకు పొర మందంగా ఉంది. ఆకు పోసే వేగాన్ని తగ్గించి, అదిరే పళ్లేన్ని సరిచేశాక మెరుగైంది. ఆ రోజు ఇంకో సంగతి జరిగింది. వేసిన బొమ్మల్లో ఒకటి లెక్కకు తిరిగి రాలేదు. ప్రాణుల కోసం వెతికే పరీక్షలో మేమే ఒక రబ్బరు కప్పను ఆకుల్లో కలిపేశాం. ఆ లాటు మొత్తం ఆపి రెండు గంటలు వెతికితే అది ఆరబెట్టే డ్రమ్ము అంచున దొరికింది. అప్పటి నుంచి నేను వేసే ప్రతి పరీక్ష వస్తువు మీద నంబరు ఉంటుంది, వేసినవి ఎన్ని, తీసినవి ఎన్ని అన్నది రెండు సంతకాలతో రాస్తారు.

కడగడం గురించి క్లుప్తంగా చెబుతాను. బుడగలు లేచే నీటి కాలువలో పురుగులు కొన్ని తేలతాయి, మట్టి, నత్తలు కొన్ని మునుగుతాయి; జాలీలు వాటిని పడతాయి. పేనుబంక మొండిగా అంటుకునే ఉంటుంది. నీటిలోని క్లోరిన్ సూక్ష్మజీవులు ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు పాకకుండా ఆపడానికి పనికివస్తుంది, కాని ఒక ప్రాణి దేహం ఆ నీటిలో చితికితే దాని రక్తమాంసాలే క్లోరిన్‌ను తినేస్తాయి, ఆపైన అదే నీరు వందల కిలోలను తాకుతుంది. మునిగి చచ్చిన నత్త నుంచి ఊపిరితిత్తుల పురుగు లార్వాలు నీటిలోకి బయటపడగలవు కూడా. కనుక గుర్తించే యంత్రం కడిగే కాలువకు ముందు ఉండాలి. తరువాత పెట్టినా తప్పులేదు, తరువాత మాత్రమే పెడితే తప్పు.

ప్రయోగశాలలో చేసేవి వేరే అవసరానికి. పురుగుల శకలాలను లెక్కించడానికి ఆకును నలిపి నీటిలో కలిపి నూనె చేర్చి వైల్డ్‌మన్ ఫ్లాస్కులో ఉంచుతారు. పురుగు పెంకు ముక్కలు నూనెను అంటుకుని పైకి తేలతాయి, ఆకు పిప్పి అడుగున ఉంటుంది, పైపొరను వడకట్టి సూక్ష్మదర్శిని కింద లెక్కపెడతారు. గుర్తుపట్టలేని మాంసపు ముక్క దొరికితే దానిలోని ఒక జన్యువు వరసను చదివి జాతిని తేల్చవచ్చు. ఇవి నమ్మకమైన పద్ధతులే, కాని గంటలు, రోజులు పడతాయి; ఆకు ఆ లోపు ఊళ్లు దాటి ఉంటుంది.

చివరగా పొలం. దీన్ని చివర చెప్పాను గాని వరసలో ఇది మొదటిది. కత్తి తగలకముందు కనిపెట్టిన కప్ప ఒక కప్ప. తగిలాక అది ముక్కలు, రక్తం, చెమ్మ, ఒక డబ్బా నుంచి పది డబ్బాలు. కోతకు ముందు రోజూ, కోత ఉదయమూ మడుల గట్ల వెంట నడిచి రెట్టలు, అడుగుజాడలు, కొరికిన ఆకులు, నత్తల జిగురు చారలు చూసి, గుర్తులు కనిపించిన చోట జెండా పాతి, చుట్టూ కొంత జాగా కోయకుండా వదిలేస్తారు. యంత్రం ముందు గొలుసులు, ఊగే కడ్డీలు కట్టి, లేదా గాలి ఊది ప్రాణులను అదిలిస్తారు. ఎలుక పారిపోతుంది. కప్పకు మాత్రం భయం వేస్తే కదలకుండా ఒదిగిపోయే గుణం ఉంది, లేదా ఒక్క గెంతు వేసి ఇంకా ఒత్తుగా ఉన్న ఆకుల్లోకి దూరుతుంది. అందుకే గొలుసుకూ కత్తికీ మధ్య దూరం ఉండాలి, కప్ప రెండో గెంతుకు సమయం ఇవ్వాలి. యంత్రం నడిపేవారు తొందరపడితే ఆ దూరం అర్థం లేనిదవుతుంది.

పొలం చుట్టూ పొదలు, చెట్లు నరికేస్తే ప్రాణులు రావన్న ఆలోచన బలంగా ఉంది. 2006లో అమెరికాలో పాలకూర వల్ల వచ్చిన ఇ.కోలి వ్యాధి తరువాత కాలిఫోర్నియాలో చాలాచోట్ల అదే చేశారు. అలా నరికిన పొలాల్లో రోగకారక సూక్ష్మజీవులు తగ్గలేదని, కొన్నిచోట్ల పెరిగాయని 2015లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. పొద తీసేస్తే కప్ప మాయం కాదు, దానికి నీడ మడిలోనే మిగులుతుంది అని నేను అర్థం చేసుకున్నాను. ఇది నా అభిప్రాయం, అధ్యయనం చెప్పిన మాట కాదు.

ముందు వరసలోని అమ్మగారు చీటీ పంపారు: ఇంట్లో ప్యాకెట్టులో ఏదైనా దొరికితే ఏం చేయాలని. పారవేయకండి, కడగకండి. ప్రాణిని, ఆకును, ప్యాకెట్టును కలిపి ఇంకో సంచిలో వేసి చల్లగా ఉంచి, చేతులు సబ్బుతో కడుక్కుని, ప్యాకెట్టు మీద ముద్రించిన సంకేతం అమ్మినవారికి చెప్పండి. ఆ సంకేతంతో ఏ మడి, ఏ ఉదయం, ఏ యంత్రం అన్నది వెనక్కి వెళ్లి చూడవచ్చు. ప్రాణి జాతి తెలిస్తే అది పొలంలో ఎక్కిందా, ప్యాకింగ్ గదిలో దూరిందా అన్నదీ తేలుతుంది. పొలంలో బతకని బల్లి గోడల మీద బతుకుతుంది కదా. నేను చూసిన ఫిర్యాదుల్లో చాలావాటితో వచ్చింది ఫొటో మాత్రమే, ఆ ఫొటోలో సంకేతం ఉన్న వైపు కిందికి తిరిగి ఉంటుంది.